రెండో పిల్లకు పాలెక్కడివి?

2019 పశుగణన ప్రకారం తెలంగాణలో గొర్రెలు కోటీ 90 లక్షలు. దేశంలో మరే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. రెండో స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. ఇన్ని గొర్రెలున్న నేల మీద వాటి జాతి గురించి, జన్యువుల గురించి జరగాల్సిన చర్చ పశువైద్య కళాశాలల ప్రహరీ దాటి బయటికి రాదు. వచ్చినా ఎన్ని యూనిట్లు పంచారు, సబ్సిడీ ఎంత అన్న దగ్గరే ఆగిపోతుంది. ఏ గొర్రెను పెంచాలి, ఎందుకు పెంచాలి, ఆ మాట చెప్పాల్సింది ఎవరు అన్న ప్రశ్న మంద దాకా పోదు.

ఆ ప్రశ్నను ఇద్దరి నోట పెట్టి చూస్తున్నాను. ఒకరు మెదక్ వైపు నల్లగొర్రెలు కాసే కురుమ పెద్దాయన. ఇంకొకరు ఆయన మేనకోడలు. రాజేంద్రనగర్‌లో పశువైద్యం చదివి జన్యుశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. ఇద్దరూ నేను కల్పించినవాళ్లే. వాళ్ల మాటల్లో వచ్చే శాస్త్రం, చరిత్ర కల్పన కాదు. వాదమంతా ఒకే ఒక్క జన్యువు చుట్టూ. అది ఉన్న గొర్రె ఈతకు ఒకటి బదులు రెండు పిల్లల్ని ఈనుతుంది.

మామ: నీ సదువు నాకు తెల్వదు గని బిడ్డా, ఒక్కటి చెప్పు. మా నల్లగొర్రె ఈతకు ఒక్క పిల్లనే ఏస్తది. తాతల కాడికెంచి గంతే. దానితోని రెండు ఈనిపియ్యాలన్న ఆలోచన మీకెందుకు పుట్టింది?

మేనకోడలు: మాకు పుట్టింది కాదు మామా, గొర్రెలోనే ఉంది. బెంగాల్ సుందరవనాల్లో గరోల్ అనే చిన్న గొర్రె ఉంటుంది. పెరిగినా పది పన్నెండు కిలోలకు మించి పెద్దగా తూగదు. మోకాలిలోతు నీళ్లలో నిలబడి మేస్తుంది. ఈతకు రెండేసి పిల్లలు దానికి మామూలు. మూడు వేసినా అక్కడివాళ్లు వింతగా చూడరు. 1792, 1793లో కలకత్తా నుంచి ఓడల్లో బెంగాల్ గొర్రెలు ఆస్ట్రేలియా వెళ్లాయి. అక్కడి మందల్లో కలిసిపోయి ఆనవాలు లేకుండా పోయాయి. నూట యాభై ఏళ్లు దాటాక న్యూ సౌత్ వేల్స్‌లో కూమా దగ్గర, బూరూలా అనే చోట, సీయర్స్ అన్నదమ్ముల మెరినో మందలో గొర్రెలు మూడు, నాలుగు పిల్లల్ని ఈనుతున్నాయని బయటపడింది. 1958లో వాళ్లు సీఎస్‌ఐఆర్‌ఓ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థకు ఒక పొట్టేలును ఇచ్చారు. ఒకే ఈతలో పుట్టిన ఐదు పిల్లల్లో అదొకటి.

మామ: ఐదా! గొర్రెకు ఉన్నయే రెండు సన్నులు. ఐదు పిల్లలు ఎట్ల తాగినయి?

మేనకోడలు: ఆ ప్రశ్న దగ్గరికే వస్తా. ముందు ఆ పొట్టేలు ఎవరి చేతికి వచ్చిందో చెప్పనీ. హెలెన్ న్యూటన్ టర్నర్. 1908లో సిడ్నీలో పుట్టింది. చదివింది ఆర్కిటెక్చర్. కొలువు దొరికింది పశువైద్య పరిశోధనశాలలో, సెక్రటరీగా. అక్కడి లెక్కలు చూసి గణాంకశాస్త్రం మీద మనసు పడి సొంతంగా నేర్చుకుంది. ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్‌కు వెళ్లి ఆ విద్యలో పెద్దల దగ్గర పని చేసి వచ్చింది. చివరికి సీఎస్‌ఐఆర్‌ఓలో పశు ప్రజనన పరిశోధనకు అధిపతి అయింది. ఆ రోజుల్లో ఆస్ట్రేలియాలో పొట్టేలును ఎంచడమంటే ఆరితేరిన పెద్దల కంటిచూపు, చేతిస్పర్శ. ఆమె త్రాసు తెమ్మంది. ఎంత ఉన్ని దిగింది, పోగు ఎంత సన్నం, ఎన్ని పిల్లలు పుట్టాయి, ఎన్ని బతికాయి అన్నీ రాయమంది.

మామ: మేం గూడ కన్నుతోనే ఏరుతం. పొట్టేలును నిలబెట్టాల్నంటె ముందుగాల దాని తల్లిని సూస్తం. తల్లికి పాలు మంచిగున్నయా, ఎండకాలం గుట్టెక్కి దిగినా కాలు ఈడ్వకుండ వస్తదా, నీలినాలుక వచ్చిన ఏడు నిలబడ్డదా, గడ్డి లేని నాడు తుమ్మకాయ తిని బతికిందా. గవన్ని అయినంక పిల్ల ఒళ్లు సూస్తం, నలుపు సూస్తం, మెడ కాడ ఉన్ని చేత్తో పట్టి సూస్తం. తక్కిన మగపిల్లలకు ఇత్తులు కొడ్తం, లేకుంటె అంగట్ల అమ్ముతం. గిది లెక్క గాదా?

ఇక్కడ నేనొక మాట చెప్పాలి. పెద్దాయన వరస పెట్టి చెప్పినవి ఏ ప్రజనన పాఠ్యపుస్తకంలోనైనా ఉండదగ్గ గుణాలు: పాలు, నడక, రోగాన్ని తట్టుకోవడం, కరువు మేత మీద బతకడం. వీటిని కొలిచి రాసుకున్న పరిశోధన మన దగ్గర చాలా తక్కువ. కాపరికి తెలిసినంత శాస్త్రానికి తెలియని చోటు ఇది. మేనకోడలికీ ఆ సంగతి తెలుసు. అందుకే ఆమె జవాబు జాగ్రత్తగా వచ్చింది.

మేనకోడలు: ముమ్మాటికీ లెక్కే. రంగు, ఉన్ని, ఒడ్డూపొడుగూ ఎంచడానికి నీ కన్ను చాలు. తల్లిదండ్రుల్లో కనిపించింది వాటిలో చాలావరకు పిల్లలకు దిగుతుంది. ఈతకు ఎన్ని పిల్లలన్నది అలాంటిది కాదు. గొర్రెకూ గొర్రెకూ కనిపించే తేడాలో సుమారు పదో వంతు మాత్రమే రక్తంలో దిగేది. తక్కినదంతా ఆ ఏటి మేత, గొర్రె వయసు, ఎదకొచ్చిన నాటి ఒంటి కండ. ఈ ఏడు జంటపిల్లల్ని వేసిన గొర్రె కూతుర్ని ఉంచుకుంటే వచ్చే ఏడు అదీ జంటే వేస్తుందన్న నమ్మకం లేదు. పదేళ్లు అలా ఏరినా మందలో తేడా అంతంతే. బూరూలా మందలో అలా జరగలేదు. ఎన్నో చిన్న జన్యువులు కలిసి చేయాల్సిన పనిని ఒక్కటే చేస్తోందని ఆస్ట్రేలియాలో పైపర్, బిండన్, న్యూజిలాండ్‌లో డేవిస్ బృందం 1980ల మొదట్లో తేల్చారు. 2001లో మూడు బృందాలు ఇంచుమించు ఒకేసారి దాని చోటు పట్టుకున్నాయి. ఆరో క్రోమోజోమ్ మీద బీఎంపీఆర్-1బీ అనే జన్యువులో 746వ అక్షరం ‘ఏ’ ఉండాల్సిన చోట ‘జీ’ ఉంది. ఆ ఒక్క అక్షరం తేడాతో అండాన్ని పెంచే పుటికలు ఇంకా చిన్నగా ఉండగానే పక్వానికి వస్తాయి. ఒక అండం విడుదల కావాల్సిన చోట రెండు, మూడు అవుతాయి. దీనికి ఫెక్-బీ అని పేరు పెట్టారు. ఆ మరుసటి ఏడు గరోల్ రక్తం పరీక్షిస్తే అదే చోట అదే అక్షరం కనిపించింది.

మామ: అంటె మన బీదోళ్ల గొర్రె ఓడెక్కి పోయి, అక్కడ పెద్ద పేరు తెచ్చుకొని, శాస్త్రమై మన కాడికి తిరిగొచ్చింది. మరి బెంగాల్‌ల దాన్ని ఇన్నేండ్లు సాదినోళ్లకు ఏమన్న దక్కిందా?

మేనకోడలు: దక్కలేదు మామా. ఆ జన్యువు ఫ్రాన్స్‌కు వెళ్లింది. ఇజ్రాయెల్‌లోని వోల్కానీ కేంద్రంలో గూట్‌వైన్ అనే శాస్త్రవేత్త దాన్ని అవాసీ, అసాఫ్ పాలగొర్రెల్లోకి ఎక్కించాడు. సుందరవనాల కాపరి పేరు మాత్రం ఏ పొట్టేలు మీదా లేదు. నువ్వు కోపపడితే నా దగ్గర జవాబు లేదు. అయినా ఆ జన్యువు ఇంటికొచ్చిన దారి మాత్రం నాకు ఇష్టం. మహారాష్ట్రలో ఫల్టణ్ అనే ఊళ్లో నింబకర్ వ్యవసాయ పరిశోధన సంస్థ ఉంది. బీవీ నింబకర్ 1968లో పెట్టాడు. ఆయన 1990లలో గరోల్ గొర్రెల్ని అక్కడికి తెప్పించాడు. ఆయన కూతురు చందా నింబకర్ ఆ పని అందుకుంది. ఆమె పీహెచ్‌డీ ఆస్ట్రేలియాలోని న్యూ ఇంగ్లండ్ విశ్వవిద్యాలయంలో. పరిశోధన మాత్రం మన దక్కనీ గొర్రె మీద.

మామ: మన గొర్రె మీదనా?

మేనకోడలు: అవును, మన గొర్రె మీదే. మహారాష్ట్రలో గొర్రెలు కాసే ధన్‌గర్ల మందల్లో ఉన్న దక్కనీ, మన కురుమ మందల్లో ఉన్న దక్కనీ ఒకే జాతి. గరోల్‌ను నేరుగా కలిపితే పిల్ల చిన్నదవుతుంది, కసాయి కొనడు. అందుకని మొదటి ఈత ఆడపిల్లను మళ్లీ పెద్ద జాతి పొట్టేలుకు కట్టారు. దాని పిల్లను మళ్లీ కట్టారు. ప్రతిసారీ గరోల్ రక్తం సగానికి సగం తగ్గుతుంది: సగం, పావు, అరపావు. జంటపిల్లల జన్యువు మాత్రం పోకుండా చూసుకుంటూ వచ్చారు. దక్కనీతోపాటు బన్నూరు, అవాసీ రక్తం కూడా చేర్చి తయారుచేసిన రకానికి నారీ సువర్ణ అని పేరు. రాజస్థాన్‌లో అవికానగర్ కేంద్ర గొర్రెల పరిశోధన సంస్థ వాళ్లు మాల్‌పురా, పాటన్‌వాడీ గొర్రెలతో ఇదే పద్ధతిలో అవిశాన్ అనే రకం తెచ్చారు. దాంట్లో గరోల్ వాటా ఎనిమిదో వంతే.

మామ: రక్తం సగం పోయింది, పావు పోయింది అంటున్నవ్. గా జన్యువు ఉన్నదో పోయిందో ఎట్ల తెలుస్తది? దాని మీద పచ్చ పొడిచి ఉంటదా?

మేనకోడలు: చెవి అంచు మీద సూదితో గుచ్చితే వచ్చే ఒక్క రక్తపు చుక్క చాలు. దాన్ని కాగితం మీద అద్ది ఆరబెట్టి పంపిస్తారు. ప్రయోగశాలలో ఆ జన్యువు ముక్కను మాత్రమే లక్షలసార్లు నకలు తీస్తారు. ఆ ముక్క పొడవు 190 అక్షరాలు. తర్వాత ఒక ఎంజైమును వేస్తారు. అది ‘జీ’ ఉన్నచోట మాత్రమే కత్తిరిస్తుంది. కత్తిరిస్తే 160 అక్షరాల ముక్క మిగులుతుంది. ఆ ద్రవాన్ని జెల్ పలక మీద పెట్టి కరెంటు పారిస్తే చిన్న ముక్క ముందుకు జరుగుతుంది, పెద్దది వెనక ఉంటుంది. మామూలు గొర్రెకు వెనక ఒక గీత. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ వచ్చినదానికి ముందు ఒక గీత. ఒకే ప్రతి ఉన్నదానికి రెండు గీతలూ. పొట్టేలు పిల్లగా ఉన్నప్పుడే తెలిసిపోతుంది. దాని కూతుళ్లు ఈనేదాకా ఆగక్కర్లేదు.

ఈ పరీక్షను నేను గొప్ప విషయంగానే చూస్తాను. అంతకుముందు ఒక పొట్టేలులో జంటపిల్లల గుణం ఉందో లేదో తెలియాలంటే దాని కూతుళ్లు పెరగాలి, కట్టాలి, ఈనాలి. అంతలో ఏళ్లు గడిచి ఆ పొట్టేలు ముసలిదయ్యేది. చిన్న మందవాళ్లకు అంత ఓపిక, అంత ఖర్చు ఎక్కడిది? ఒక్క చుక్క రక్తంతో ఆ దూరం తీరిపోయింది. పెద్దాయన కూడా ఈ మాట దగ్గర ఎదురు చెప్పడు. ఆయన అభ్యంతరం వేరే.

మామ: సరే, పరీక్ష మంచిదే. ఇప్పుడు నా మాట ఇను. పంటలు కోసినంక మేం మంద తోలుకొని పోతం. పొద్దుగాల లేచి చీకటి పడేదాక నడకనే. పొలాలల్ల రాత్రి మంద పెడ్తం, రైతు పైసలిస్తడు, లేకుంటె గింజలిస్తడు. తొవ్వల గొర్రె ఈనుతది. గప్పుడు పిల్లను గొంగడిల సుట్టుకొని భుజానేసుకుంటం. ఒక్కటైతె ఏసుకుంటం. ఒక్క రాత్రి పది గొర్లు ఈనితె, పది పిల్లల్ని ముగ్గురం మోసుకపోయిన రోజులున్నయి. ఇరవై పిల్లలైతె ఎవలు మోస్తరు? తల్లి చూడబోతె బక్కది. ఎండకాలం దానికి పాలొచ్చేది ఒక్క పిల్లకే చాలీ చాలనంత. రెండో పిల్లకు పాలెక్కడివి? తల్లి ఒక్కదాన్ని నాకి దగ్గరికి తీసుకుంటది, ఇంకోదాన్ని తంతది. గా తన్నిన పిల్లను మా ఆడోళ్లు సీసతోని సాకాలె. గొర్ల పనిల ఆడోళ్ల లెక్క ఎవ్వలు రాస్తరు?

మేనకోడలు: ఆ లెక్క ఎవరూ రాయడం లేదు, ఒప్పుకుంటా. కానీ ఫల్టణ్‌లో వాళ్లు ఫారంలో పెంచి చూపించి ఊరుకోలేదు. జన్యువు ఉన్న గొర్రెల్ని కాపరుల మందల్లోనే పెట్టి, లేని గొర్రెలతో కలిపి మేపి, ఏళ్ల తరబడి ఈతలు రాసుకున్నారు. ఆస్ట్రేలియా మెరినోలో ఒక్క ప్రతి ఉంటే ఈతకు దాదాపు ఒక పిల్ల పెరిగింది. దక్కనీలో అంత పెరగలేదు, అదే మనకు మేలైంది. జంటలు వస్తాయి, మూడు రావడం అరుదు. రెండు ప్రతులున్న గొర్రెతోనే ఇబ్బంది ఎక్కువ. దానికి మూడేసి పిల్లలు రావచ్చు, అవి బతకడం కష్టం. అందుకే రెండు ప్రతుల పొట్టేలును మామూలు గొర్రెలకు కడతారు. పుట్టే ఆడపిల్లలన్నిటికీ ఒక్కో ప్రతే వస్తుంది. ఆ ఆడపిల్లలను మళ్లీ అలాంటి పొట్టేలుకే కట్టకుండా చూసుకుంటే చాలు.

మామ: ‘చాలు’ అన్నవ్. మందల పొట్టేళ్లు పద్ధతి చూసుకొని ఎక్కుతయా? పక్క మంద పొట్టేలు వచ్చి కలిస్తె? నాకున్న యాభై గొర్లల్ల ఏది ఒక ప్రతిది, ఏది రెండు ప్రతులది అని ఎట్ల గుర్తు పెట్టుకుంటా?

మేనకోడలు: చెవికి పోగు వేసి, పుస్తకంలో రాసుకుని.

మామ: పుస్తకం ఎవలిది? నాదా, మీదా?

మేనకోడలు: (కాసేపాగి) ఇప్పటిదాకా మాదే. నీ దగ్గర ఉండాల్సింది, నిజమే. కానీ మామా, రెండో పిల్లకు పాలు లేవని జన్యువునే వద్దనడం కూడా సరి కాదు. చూలు చివరి నెలన్నర, ఈనిన తర్వాత రెండు నెలలు పూటకు గుప్పెడు మక్కలు, పల్లిచెక్క పెడితే తల్లి పాలు పెరుగుతాయి. ఒక్క గొర్రె మీద పెట్టే మేత ఖర్చు, అమ్మే రెండో పిల్ల ధర కలిపి చూడు. ఎక్కువ గొర్రెల్ని మేపడానికి బీడు లేదని నువ్వే అంటావు. గుట్టలు కంచెలేసి మొక్కలు పెట్టారు, చెరువు శిఖాలు పోయాయి. అయితే తక్కువ గొర్రెలతో ఎక్కువ పిల్లలు రావడం నీకే అక్కర కదా?

ఈ వాదం బలమైనది. మేత భూమి తగ్గినప్పుడు సంఖ్య పెంచడం కంటే ఒక్కో తల్లి నుంచి వచ్చే రాబడి పెంచడమే తెలివైన పని. నేల మీద బరువూ తగ్గుతుంది. గొర్రెల అభివృద్ధి అంటే సంఖ్యను పెంచడమే అనుకునే విధానాలకు ఫెక్-బీ ఒక మంచి జవాబు. అయితే మక్కలు కొనడానికి చేతిలో డబ్బుండాలి. చూలు గొర్రెను వేరు చేసి కట్టడానికి దొడ్డి ఉండాలి. వలస మందకు ఆ రెండూ లేవు. ఊళ్లో ఉండి పది ఇరవై గొర్రెల్ని కట్టేసి మేపే ఇంటికి ఈ జన్యువు వరం కావచ్చు. వందల గొర్రెలతో నడిచేవాడికి మొదటి ఏడాదే భారం కావచ్చు. ఒకే పొట్టేలును ఇద్దరికీ ఒకేలా పంచితే ఇద్దరిలో ఒకరు నష్టపోతారు.

మామ: ఇంగొకటి అడుగుతా. నువ్వు చెప్పిన లెక్కలన్నీ పిల్లల లెక్క, మాంసం లెక్క. ఉన్ని ఏడున్నది అండ్ల? ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తం. మీ అత్త రాట్నం మీద నూలు తీస్తది, మీ తాత చింతగింజల గంజి పెట్టి గొంగడి నేసిండు. వానకు, చలికి, ఎండకు గదే. బీరప్ప కొలువుకు నల్ల గొంగడే పరుస్తం. నల్లగొర్రె పోతె గిదంత పోతది.

మేనకోడలు: ఆ నల్లగొర్రెను తరిమింది మా ప్రయోగశాల కాదు మామా. నెల్లూరు పొట్టేళ్లను తెచ్చింది మన ఊరివాళ్లే. జోడిపి, పల్ల రకాలు. ఎత్తుగా ఉంటాయి, పిల్ల తొందరగా తూగుతుంది, కసాయి ఎక్కువ ఇస్తాడు. ఒంటి మీద ఉన్ని బదులు వెంట్రుక. మూడు నాలుగు తరాలకు దక్కనీ పేరే మిగిలింది. నీ మందలో కూడా ఎన్ని అసలు నల్లవి?

మామ: తక్కువనే. ఒప్పుకుంటా. ఉన్ని కత్తిరించెటోని కూలి గూడ ఉన్ని అమ్మితె ఎల్తలేదు. అంగట్ల మాంసానికే ధర. నేనేం జెయ్యాలె? 2017ల సర్కారు గొర్లు ఇచ్చింది, ఇరవై గొర్లు, ఒక పొట్టేలు, యూనిట్ లక్షా ఇరవై ఐదు వేలు, ముప్పావు పైసలు సర్కారియే. మంచిదే, మా వాండ్లు కొందరు బాగుపడ్డరు. కని ఎక్కడెక్కడికెంచో తెచ్చిన గొర్లు. ఏది ఏ జాతి, ఏది మా నీళ్లకు, మా గడ్డికి ఆగుతది అని మమ్మల్ని ఎవ్వలు అడగలే. ఇరవై ఒకటి వచ్చినయా లేదా, గంతే లెక్క.

మేనకోడలు: అందుకే చెప్తున్నా, జన్యువు గురించి తెలిసినవాళ్లు ఆ నిర్ణయాలు తీసుకునే గదిలో ఉండాలి. ఫెక్-బీని నెల్లూరు సంకరంలోకే ఎక్కించాలని ఎక్కడా లేదు. అసలైన నల్ల దక్కనీలోకి ఎక్కించవచ్చు. ప్రతి తరంలో నలుపు, ఉన్ని, నడక చూసి నువ్వే ఏరు. జంటపిల్లల జన్యువు ఉందో లేదో మాత్రం రక్తంతో నేను చెప్తా. అప్పుడు నల్లగొర్రెకు మాంసం అంగట్లో కూడా విలువ వస్తుంది. ఉంచుకోవడానికి కాపరికి కారణం దొరుకుతుంది.

మామ: ఇదైతె కొత్త మాట. ఇంతకుముందు ఎవ్వలు గిట్ల చెప్పలే. కని ఒక్క పొట్టేలు రక్తం ఊరంతా పాకితె? దానిల ఏమన్న కీడుంటె?

మేనకోడలు: అది ఊరికే వచ్చిన భయం కాదు. అమెరికాలో హోల్‌స్టీన్ ఆవుల్లో పావ్‌నీ ఫార్మ్ ఆర్లిండా చీఫ్ అనే ఆబోతు ఉండేది, 1962లో పుట్టింది. దాని కూతుళ్లు గొప్ప పాలిచ్చేవి, కాబట్టి దాని వీర్యం దేశమంతా పాకింది. తర్వాత తెలిసింది, దాంట్లో ఒక జన్యువుకు లోపమున్న ప్రతి ఉందని. రెండు వైపులనుంచీ ఆ ప్రతి వస్తే దూడ కడుపులోనే పోతుంది. లక్షల చూళ్లు అలా పోయాయి. పాల లాభం నష్టం కంటే చాలా ఎక్కువే. కానీ నష్టం ఎక్కడినుంచి వస్తోందో దశాబ్దాల తర్వాత గానీ తెలియలేదు. కాబట్టి ఒక్క పొట్టేలు కాదు మామా, వేర్వేరు మందలనుంచి తీసిన ఎన్నో పొట్టేళ్లు ఉండాలి. అన్నిటికీ పుస్తకం ఉండాలి.

మామ: మళ్ల పుస్తకమే.

మేనకోడలు: అవును, మళ్లీ పుస్తకమే. 1943లో హేజెల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఒక పద్ధతి చెప్పాడు. ఒక్కో గుణానికి ఎంత విలువో ముందే అంకె వేసి, అన్నీ కలిపి ఒక్క మార్కుతో జంతువును ఎంచడం. పాలకు ఇంత, బరువుకు ఇంత, పిల్లలకు ఇంత. ప్రపంచంలో ఇవాళ ఎంపిక చాలావరకు ఆ దారిలోనే నడుస్తోంది.

మామ: గా అంకెలు ఏసేది ఎవలు? తూకం రాళ్లు మీ చేతుల ఉంటె, మా నడక, మా కరువు, మా గొంగడి త్రాసుల పడవు. పిల్లలు, కిలోలే పడతయి. నాకు అంకె ఏసే కాడ కూసోనిస్తె నీ పొట్టేలును ఊళ్లెకు రానిస్తా.

మేనకోడలు: ఆ మాట నేను ఇవ్వలేను మామా. నాకు ఆ అధికారం లేదు. కానీ మా విభాగంలో చెప్తా. రాసి కూడా ఇస్తా.

మామ: రాసి ఇయ్యి. ముందుగాల మాత్రం ఉన్ని మంచిగున్న అసలు నల్ల పొట్టేళ్లు తేండ్రి. అటెన్క జంటపిల్లల సంగతి.

వాళ్ల మాట ఇక్కడిదాకా వచ్చి ఆగింది. మేనకోడలు చెప్పిన శాస్త్రంలో నాకు అనుమానం లేదు. గరోల్ జన్యువు మన దేశపు ఆస్తి. దాన్ని దక్కనీలోకి జాగ్రత్తగా తెచ్చుకోవడం తప్పు కాదు, అవసరం కూడా. అయినా వరస విషయంలో నేను పెద్దాయన వైపే ఉన్నాను. ముందు అసలు నల్ల దక్కనీ మందలు వేర్వేరు జిల్లాల్లో నిలబడాలి. వాటిలో ఏ గొర్రె ఎన్ని ఈనింది, ఎన్ని బతికాయి, ఏ ఏడు ఏ రోగానికి నిలిచింది అన్న పుస్తకం కాపరి ఇంట్లో ఉండాలి. ఎంపికలో ఏ గుణానికి ఎంత విలువ అన్నది కాపరులతో కూర్చుని తేల్చాలి. ఆ తర్వాత జంటపిల్లల పొట్టేలు, అదీ మొదట ఊళ్లోనే ఉండే చిన్న మందలకు. ఈ వరస తిరగబడితే మిగిలిన కొద్ది నల్లగొర్రెలు సంకరంలో కలిసిపోతాయి. అప్పుడు జన్యువును ఎక్కించడానికి దక్కనీయే ఉండదు.

మెదక్, సంగారెడ్డి, సిద్దిపేట గొర్రెల పెంపకందారుల సహకార సంఘాల పెద్దలకు నా విన్నపం ఒకటే. పరిశోధన సంస్థలు వచ్చేదాకా ఆగకండి. ఈసారి ఉన్ని కత్తిరింపు నాటికి మీ ఊళ్లో ఒళ్లంతా ఉన్ని ఉన్న నల్ల పొట్టేళ్లు ఎన్ని మిగిలాయో, ఎవరి మందలో ఉన్నాయో ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి. వాటిలో ఒక్కదానికి కూడా విత్తులు కొట్టకుండా, సంతకు తోలకుండా ఆపండి.